బోర్లించిన దొన్నె

సుభద్రాంబ గారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు ఒకటే జవాబు వచ్చేది: "రేపు భోజనాలయ్యాక అడుగు." ఆకలి మీద అడిగే ప్రశ్న వేరు, కడుపు నిండాక అడిగే ప్రశ్న వేరు అని ఆవిడ నమ్మకం. చాలామంది మర్నాటికి అడగవలసింది మరిచిపోయేవారు. గుర్తున్నవాళ్ళకైనా ఆవిడ జవాబు చెప్పినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు, ఆ పనిలో ఏదో ఒకటి జరిగేది, అడిగినవాళ్ళు నవ్వుకుంటూనో కళ్ళు తుడుచుకుంటూనో వెళ్ళిపోయేవారు. తాయారు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆవిడ ఒక మాట అన్నారు. అది జవాబా, ఇంకో ప్రశ్నా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. అప్పటికి నాకు అక్షరాలు రావు కనుక ఆనాటి మాటలు ఎక్కడా రాసి పెట్టుకోలేదు. మనసులో నిలిచినవి నిలిచినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. ఎర్రగుట్ట కింద నాలుగు పెంకుటిళ్ళు, ఒక చావిడి, ఆ చావిడి గోడలో గూడు కట్టి నిలబెట్టిన జానెడు వేణుగోపాలుడు. పది పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. అందరం సుభద్రాంబ గారిని అమ్మగారనే పిలిచేవాళ్ళం. తాయారు అక్కడికి వచ్చేసరికి దానికి ముప్పై నాలుగేళ్ళు. పదకొండేళ్ళ కాపురం వదిలి ఒక గుడ్డసంచీతో వచ్చింది. కుడి మణికట్టు మీద అట్లకాడ అంచంత కాలిన మచ్చ ఉండేది. మేము అడగలేదు. తనే ఒకనాడు బియ్యం ఏరుతూ, ఎవరింట్లోనో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

దాని భర్తకు భోజనం దగ్గర ఒక అలవాటట. ఒకే గిన్నెలో పులుసు, పగలు "ఉప్పు కషాయం" అనేవాడు, రాత్రి "చప్పిడి" అనేవాడు. తాయారు రుచి చూసుకుని "సరిగ్గానే ఉందండీ" అంటే "నీ నాలుకకు రోగమొచ్చింది" అని పళ్ళెం తోసేసేవాడు. మొదట్లో తాయారు వాదించింది. తరవాత ఏడ్చింది. ఆ తరవాత ఎప్పుడో, ఏ రోజున అని తనకే తెలియదు, నమ్మేసింది. నమ్మాక అది ఉప్పుతో ఆగుతుందా? తలుపు గడియ వేశానా లేదా, పాలు పొయ్యి మీంచి దించానా లేదా, పక్కింటావిడ నన్ను చూసి నవ్విందా వెక్కిరించిందా, ఏదీ తనంతట తాను తేల్చుకోలేని స్థితికి వచ్చింది. అట్లాంటి రోజుల్లో ఒకనాడు నిజంగానే వేసిన సంగతి మరిచి రెండోసారి ఉప్పు వేసింది. ఆ మచ్చ ఆనాటిది.

అమ్మగారు అంతా విని, రెండు రోజులు ఊరుకుని, మూడో రోజున దాన్ని వంటింట్లో పెట్టారు. "ఈ పిల్ల పుట్టింట్లో ఉండగా పెళ్ళివంటలకు కూడా దీన్నే పిలిచేవారట. ఆ చెయ్యి ఎక్కడికీ పోదు, కాస్త బెదిరి దాక్కుంది" అన్నారు. నన్ను తోడుగా కూరలు తరగమన్నారు.

మా వంటింట్లో దేవుడికి పెట్టేదాకా ఏదీ రుచి చూడకూడదు. అది అక్కడి ఆచారం. ఉప్పు పాళ్ళు చేతికి తెలియాలి, ముక్కుకు తెలియాలి. అలవాటు పడినవాళ్ళకు ఉడుకుతున్న పప్పులోంచి వచ్చే ఆవిరి చెప్పేస్తుంది, ఉప్పు పడిందో లేదో. అది మాటల్లో చెప్పగలిగిన విద్య కాదు. నా మటుకు నాకు ఎన్నేళ్ళకూ రాలేదు. తాయారుకు పదిహేనేళ్ళ వయసులోనే వచ్చిందట. వచ్చినది పోయిందనుకుంటూ మా దగ్గరికి చేరింది.

మొదటి వారంలోనే ఒకరోజు పప్పు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉంది. పరాంకుశం మాష్టారని ఒక పెద్దాయన, బడిపంతులుగా చేసి మానుకుని మా దగ్గరే ఉండేవారు. ఆయన మొహం చిట్లించబోతుంటే అమ్మగారు కళ్ళతోనే ఆపారు. ఆ సాయంత్రం తాయారు వాగు దగ్గరికి వెళ్ళినప్పుడు మమ్మల్నందరినీ చావిట్లోకి పిలిచారు.

"ఆ పిల్ల ఏం పెట్టినా బాగుందనండి. వంక పెట్టే మొహాలు చూసీ చూసీ వచ్చింది. ఇక్కడైనా చూడకూడదు."

మాకూ అది సబబే అనిపించింది. మంచి మాట అనడానికి ఖర్చేముంది? ఆనాటి నుంచి ఏడాదిన్నర పాటు, పప్పు ఉప్పు కషాయమైనా అమృతమే, చప్పిడైనా అమృతమే. మాష్టారైతే మరీను. "తాయారమ్మా, నీ చేతి చారు తాగితే మా బడి పిల్లలకు ఎక్కాలు వచ్చేసేవి" అనేవారు. అందరి వడ్డనలూ అయ్యాక తాయారు చివర కూచుని తినేది. రెండు ముద్దలు తిని ఆగేది.

"అక్కయ్యా, నాకు చప్పగా తగులుతోంది. మీకు బాగుందా?"

"మాకు బాగానే ఉంది. నీ నోటికి అంతేలే" అనేదాన్ని నేను.

అది తల వంచుకుని మిగతా అన్నం తినేసేది. ఆ మాట నా నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ఒక్కసారైనా, ఈ మాట దీనికి ఇంతకుముందు ఎవరన్నారు అని నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది. ఇప్పుడు తట్టి ఏం లాభం.

తన మీద నమ్మకం లేక తాయారు ఒక ఉపాయం కనిపెట్టుకుంది. వంట మొదలుపెట్టేటప్పుడే ఉప్పు తీసి ఆకుదొన్నెలో పోసి పొయ్యిగట్టు మీద పెట్టుకునేది. గిన్నెలో వేయగానే ఖాళీ దొన్నెను బోర్లించేది. దొన్నె బోర్లా ఉంటే ఉప్పు వేసినట్టు, వెల్లకిలా ఉంటే వేయనట్టు. రోజుకు పదిసార్లు ఆ దొన్నె వంక చూసుకునేది. ఆ ఉపాయం వచ్చాక వంట చాలా రోజులు సరిగ్గానే ఉండేది. కాని సరిగ్గా ఉన్న రోజూ మేము అన్నది అమృతమే కదా, ఆ సంగతి దానికి తెలిసే దారి లేదు.

అట్లా ఉండగా ఒక బుధవారం దాని ఆడపడుచు ఆండాళమ్మ వచ్చింది. భర్తకు అక్కగారు. యాభై దాటిన మనిషి, బొద్దుగా, గలగలా మాట్లాడుతుంది. ఊళ్ళో ఎవరో చుట్టాలింట్లో దిగి, తాయారును తీసుకుపోవడానికే వచ్చానంది. చావిడి అరుగు మీద ఇద్దరూ కూచున్నారు. నేను పక్కన చింతపండు గింజలు తీస్తున్నాను.

"ఎన్నాళ్ళే ఇట్లా ఊరివాళ్ళకు పప్పులు వండుకుంటూ? మొగుడన్నాక ఒక మాట అంటాడు. మీ అన్నయ్యగారు నన్ను అననివి ఉన్నాయా? వాడు ఇప్పుడు చాలా మారాడు. డాక్టరు చెప్పాడని నెయ్యి మానేశాడు తెలుసా? నెయ్యి మానినవాడు కోపం మానలేడా?"

"నాకు భయంగా ఉంది వదినా."

"భయం నీకు మొదట్నుంచీ ఉన్నదే. జరిగింది సగం, నువ్వు ఊహించుకున్నది సగం."

"ఏ సగం ఏదో మీకు తెలుసా వదినా?"

"నీకు తెలుసా మరి?"

తాయారు మణికట్టు మీద చెంగు కప్పుకుంది. రేపు మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు బయలుదేరదాం, సంచీ సర్దుకో, అని ఆండాళమ్మ లేచి వెళ్ళింది. తాయారు వద్దని అనలేదు. వద్దనడానికి కావలసిందేదో దాని దగ్గర లేదు. సంచీ తెచ్చి, అందులో ఒక చీర పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి, చివరికి అమ్మగారి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారూ, లోపల ఏదో వెళ్ళకు వెళ్ళకు అంటోంది. కాని ఆ లోపలిదే నాకు పదకొండేళ్ళు ఉప్పు సరిగ్గా ఉందని అబద్ధం చెప్పింది. ఒకసారి అంత తప్పు చెప్పినదాన్ని మళ్ళీ నమ్మేదెట్లా? మీరు వెళ్ళమంటే వెళ్తాను. ఉండమంటే ఉంటాను."

అమ్మగారు దాని సంచీ వైపు చూశారు. ఉండమనడానికి ఆవిడ పెదవి కదిలిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అనలేదు.

"రేపు భోజనాలయ్యాక అడుగు" అన్నారు. లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆ ఆండాళమ్మ గారిని కూడా భోజనానికి ఉండమను" అన్నారు.

మర్నాడు బీరకాయ పప్పు, అన్నం, మజ్జిగ. అంతే వంట. నేను బీరకాయలు చెక్కు తీస్తున్నాను. తాయారు ఎప్పటిలాగే దొన్నెలో ఉప్పు పోసి గట్టు మీద పెట్టుకుంది. పప్పు సగం ఉడికి, బీరకాయ ముక్కలు వేసిందో లేదో, ఆండాళమ్మ గడప దగ్గరికి వచ్చేసింది. తడిచీర ఆరేసి మడి కట్టుకోనిదే లోపలికి రాకూడదు గనుక బయటే నిలబడి పిలిచింది.

"తాయారూ, సంచీ సర్దుకున్నావా? బస్సు ఒక్కోనాడు ముందే వచ్చేస్తుందట."

తాయారు గరిటె పక్కన పెట్టి గడప దగ్గరికి వెళ్ళింది. ఏం మాట్లాడుకుంటారో విందామని నేనూ పీట మీంచి లేచాను. లేవడంలో నా చీర చెంగు తగిలి దొన్నె తిరగబడింది. అందులోని కాస్త ఉప్పూ జారి పొయ్యి ముందున్న బూడిదలో పడింది. పప్పులో వేయగా మిగిలిన ఉప్పు కాబోలు అనుకున్నాను. దొన్నెను అట్లాగే బోర్లా వదిలి, బూడిదను కాలితో అటు నెట్టేసి, గడప దగ్గరి మాటలు వింటూ నిలబడ్డాను. మనిషి ఎంత తేలిగ్గా తప్పు చేస్తుందో చూడండి. చేస్తున్నప్పుడు అది చీర సర్దుకున్నంత పనిలాగే ఉంటుంది.

తాయారు తిరిగి వచ్చి దొన్నె వంక చూసింది. తరవాత గిన్నె మీదికి వంగి ఆవిరి చూసింది. మళ్ళీ దొన్నె వంక చూసింది.

"అక్కయ్యా, నేను ఉప్పు వేశానా?"

"దొన్నె బోర్లా ఉందిగా. వేసే ఉంటావు."

"ఆవిరి చూస్తే వేయలేదనిపిస్తోంది."

"నీకు అన్నీ అట్లాగే అనిపిస్తాయిలే. దేవుడికి పొద్దుపోతోంది, కానియ్యి" అన్నాను.

అది గరిటె పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఉప్పు జాడీ మూత మీదికి చెయ్యి వెళ్ళి వెనక్కి వచ్చింది. వెయ్యలేదు. పప్పు దించి, వేణుగోపాలుడి ముందు పెట్టి వచ్చింది.

విస్తళ్ళు వేశాం. అమ్మగారు మొదట, ఆవిడ పక్కన మాష్టారు, తరవాత మేము, చివర చుట్టంగా ఆండాళమ్మ. తాయారు వడ్డించి, పప్పు గిన్నె చేత్తో పట్టుకుని అమ్మగారి ఎదురుగా నిలబడింది. రోజూ నిలబడుతుంది అట్లాగే. ఆ రోజు దాని కళ్ళు వేరుగా ఉన్నాయి.

"అమ్మగారూ, పప్పు?"

అమ్మగారు ఒక ముద్ద తిన్నారు. ఆగారు. నాకు కనిపించేంత సేపు ఆగారు.

"బాగుంది తల్లీ."

"అమృతం" అన్నారు మాష్టారు.

నేనూ మొదటి ముద్ద పెట్టుకున్నాను. పెట్టుకోగానే బూడిదలో పడ్డ ఉప్పు నా కళ్ళ ముందు నిలిచింది. అప్పుడైనా చెప్పవచ్చు. ఆడపడుచు ఎదుట పిల్ల తలవంచుకోవలసి వస్తుందని, నేను దయగలదాన్నని అనుకుంటూ, "బాగుంది తాయారూ" అన్నాను.

ఆండాళమ్మ అన్నం కలిపి నాలుగు వేళ్ళతో పెద్ద ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"ఏం బాగుంది? ఇందులో ఉప్పేదీ?"

ఎవరమూ తలెత్తలేదు.

"మిమ్మల్నేనండీ. మీకెవరికీ నాలుకలు లేవా?"

మాష్టారు గొంతు సవరించుకున్నారు. "నాకు బీపీ ఉందమ్మా. ఉప్పు కాస్త తక్కువగా ఉంటేనే నాకు..."

"తక్కువ కాదు మాష్టారూ, లేదు. అసలు లేదు."

తాయారు ఇక కూలిపోతుందనే అనుకున్నాం. నేను లేచి పట్టుకుందామని ఎంగిలి చేత్తోనే సగం లేచాను. అది పప్పు గిన్నె కింద పెట్టి ఆండాళమ్మ విస్తరి ముందుకు వెళ్ళింది.

"వదినా, సరిగ్గా చెప్పండి. కాస్త తక్కువా, అసలు లేదా?"

"ఒట్టి నీళ్ళలో ఉడికిన పప్పే ఇది. నాకెందుకు అబద్ధం?"

"పొద్దున నాకూ అట్లాగే అనిపించింది" అంది తాయారు, చాలా నెమ్మదిగా. నా వైపు తిరిగింది. "అక్కయ్యా, దొన్నె నేనే బోర్లించానా?"

"నా చెంగు తగిలిందే. ఉప్పు బూడిదలో పడింది. వేయగా మిగిలిందనుకున్నాను."

"మరి బాగుందన్నారే?"

సగం లేచినదాన్ని మళ్ళీ కూచున్నాను. తాయారు వరస వెంట అందరి మొహాలూ చూసుకుంటూ వెళ్ళి మాష్టారి దగ్గర ఆగింది.

"మొన్న ఏకాదశి మర్నాడు చారు నాకు చప్పగా తగిలింది. మీరు అమృతమన్నారు."

మాష్టారు విస్తరిలోకే చూస్తూ, "చప్పగానే ఉందమ్మా" అన్నారు.

"శ్రావణంలో ఒకరోజు పులుసు. నాకు నోరు మండింది. నీళ్ళు తాగి తాగి తిన్నాను."

"మేమూ అంతే తాగాం" అంది వరసలో ఇంకొకావిడ.

ఒక్కొక్కటే అడిగింది. చింతకాయ పచ్చడి. పులిహోర. ఎవరో ఊరివాళ్ళు అన్నదానం చేయించిన రోజున కూర. ఏడాదిన్నరగా దాని నాలుకకు ఏది ఎట్లా తగిలిందో అన్నీ గుర్తున్నాయి దానికి. ప్రతిసారీ దానికి తగిలిందే నిజం. దాని మొహంలో సంతోషం వస్తుందేమోనని నేను చూశాను. రాలేదు. పోయిందనుకుని ఏడ్చి ఏడ్చి ఊరుకున్న వస్తువు, ఇన్నాళ్ళూ మనవాళ్ళ ఇంట్లోనే, మనవాళ్ళ పెట్టె కిందే ఉందని తెలిస్తే మనిషి మొహం ఎట్లా ఉంటుంది? అట్లా ఉంది.

తరవాత అది ఆండాళమ్మ ఎదురుగా నేల మీద కూచుంది.

"వదినా, మీరు మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చారు. నా చేతి అన్నం తిన్నారు. తిండి దగ్గర మీరు అబద్ధమాడరు, ఇప్పుడు చూశానుగా. అప్పుడు నా వంటలో ఉప్పు ఎట్లా ఉండేది?"

ఆండాళమ్మ కలిపిన అన్నాన్నే మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. ఎంత మాటకారి మనిషి, ఒక్క మాట పైకి రావడానికి ఎంతసేపు పట్టిందో.

"సరిగ్గానే ఉండేది."

"ఎప్పుడూనా?"

"నీ పులుసు కోసమే పని కల్పించుకుని వచ్చేదాన్ని."

"ఆయన పళ్ళెం తోసేసిన రోజు కూడా మీరు పక్కనే కూచుని తింటున్నారు వదినా."

"తమ్ముడు కదే" అంది ఆండాళమ్మ. కలుపుతున్న చెయ్యి ఆపి, "అన్నాల దగ్గర గొడవెందుకులే అనుకున్నాను" అంది. ఆ మాట అంటుంటే ఆవిడ గొంతు ఆవిడకే నచ్చినట్టు లేదు.

తాయారు లేచి వంటింట్లోకి వెళ్ళింది. దేవుడికి పెట్టడం అయిపోయింది గనుక ఇప్పుడు ఎవరైనా ఉప్పు కలుపుకోవచ్చు. జాడీ తెచ్చి, మూత తీసి, గుప్పిటతో ఉప్పు తీసి పప్పు గిన్నెలో వేసింది. దొన్నెలో కొలవలేదు. గరిటెతో కలిపి, మొదటి నుంచి చివరిదాకా అందరికీ మళ్ళీ వడ్డించింది. చాలాసేపు ఎదురుచూశాం, ఎట్లా ఉందని అడుగుతుందేమోనని. ఎవర్నీ అడగలేదు. గిన్నె తీసుకుపోయి లోపల పెట్టి, తనూ విస్తరి వేసుకుని కూచుని తిన్నది.

సరిపోయిందని చెప్పాలని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పే హక్కు ఉందనిపించలేదు. ఆండాళమ్మ ఆ పప్పుతో మారు వడ్డించుకుని తింది, కళ్ళు తుడుచుకుంటూ.

మూడు గంటలకు ఆవిడ సంచీ భుజాన వేసుకుని అరుగు దగ్గర నిలబడింది. "రావా?" అంది. అడిగినట్టు లేదు.

"రాను వదినా."

"వాడికేం చెప్పమంటావు?"

"ఉప్పు సరిగ్గానే ఉండేదని చెప్పండి."

ఆండాళమ్మ తాయారు చెయ్యి పట్టుకోబోయి, మచ్చ కనబడి, పట్టుకోకుండానే మెట్లు దిగింది. గుట్ట మలుపు దాకా ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడను అమ్మగారు భోజనానికి ఎందుకు ఉండమన్నారో నేను ఎన్నడూ అడగలేదు. ఆవిడ నిజం చెప్పేస్తుందని ముందే ఊహించారా? తను ఆజ్ఞాపించిన అబద్ధాన్ని తను విప్పలేక, బయటి మనిషిని తెచ్చుకున్నారా? లేక ఉత్తినే, గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఒక ముద్ద పెట్టి పంపాలనేనా? ఇంత వయసు వచ్చాక కూడా నాకు తెలియడం లేదు.

అమ్మగారు అప్పటికి చావిడి వెనక నులకమంచం మీద కూచుని ఉన్నారు. వక్కలు కత్తిరించే అడకత్తెర ఒళ్ళో ఉంది, కత్తిరించడం లేదు. తాయారు వెళ్ళి ఎదురుగా నిలబడింది. నేను కాస్త ఎడంగా, వెళ్ళలేకా ఉండలేకా నిలబడ్డాను.

"నిన్నటిది అడగడానికి రాలేదమ్మా" అంది తాయారు.

"తెలుసు." అమ్మగారు తల ఎత్తలేదు. "వాళ్ళందరినీ అట్లా అనమన్నది నేనే. ఏడాదిన్నర. వాళ్ళ తప్పేం లేదు."

"ఎందుకమ్మా?"

"మళ్ళీ నువ్వు ఏడవకూడదని."

తాయారు మొహంలో కోపం ఉంటే నాకు నయంగా ఉండేది. చిన్నపిల్లలకు నిద్రలో ఉన్నట్టుండి ఒక దిగులు వస్తుంది చూడండి, అట్లాంటిది ఉంది.

"నీ నోటికి అంతేలే అని అక్కయ్య అన్నప్పుడల్లా, ఇక్కడికి వచ్చినా నాలుక బాగుపడలేదే అనుకునేదాన్ని. నాలుక బానే ఉంది కదమ్మా?"

"బానే ఉంది."

"ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా."

"అప్పుడూ బానే ఉంది."

అమ్మగారి కళ్ళ వెంట నీళ్ళు రావడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. ఆవిడ వాటిని తుడుచుకోలేదు. తాయారు వంగి ఆవిడ ఒళ్ళోంచి అడకత్తెర తీసి మంచం కోడు పక్కన పెట్టింది. వెళ్ళబోయింది. మళ్ళీ ఆగింది.

"అమ్మగారూ, రేపట్నుంచి మీరు బాగుందంటే నేను నమ్మనా, మాననా?"

ఆవిడ అప్పుడు తలెత్తి దాని వంక చూశారు.

"అది నన్నెందుకు అడుగుతావు తల్లీ?" అన్నారు.